18 దాటాక సంఘంలో వాళ్ళకు చోటెక్కడ?

దారిదీపం
అందరికీ వందనాలు. మా చర్చి సంఘంలో యూత్ పని చూస్తుంటాను. బడి వయసు పిల్లలకు తరగతులున్నాయి, క్యాంపులున్నాయి, వాక్యం పోటీలున్నాయి. పెళ్ళయినవాళ్ళకు కుటుంబ కూడికలున్నాయి. ఈ రెండిటికీ మధ్యలో ఉన్నవాళ్ళకు ఏముందని పెద్దల సమావేశంలో అడిగితే "క్వయర్ ఉంది కదా" అన్నారు.

నేనడిగేది 18 నుంచి 25, 26 దాకా ఉన్నవాళ్ళ గురించి. చదువుకోసం ఇల్లు వదిలినవాళ్ళు, మొదటి ఉద్యోగంలో నలుగుతున్నవాళ్ళు, ఆ ఉద్యోగం కూడా దొరక్క మొహం చాటేస్తున్నవాళ్ళు, ప్రేమ విఫలమైనవాళ్ళు, "నాకసలు నమ్మకం ఉందా?" అని లోపల్లోపల అడుగుతున్నవాళ్ళు. కార్యక్రమాల ఐడియాలు వద్దు, అవి బోలెడున్నాయి. కాపరి (పాస్టర్) పని చేసేవాడు వీళ్ళ పక్కన ఎలా ఉండాలి? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి. ఆ వయసులో ఉన్నవాళ్ళు చెబితే ఇంకా మంచిది.

పాతకాపు
బ్రదర్, మీ ఉద్దేశం మంచిదే. కానీ నాదొక మాట. 20 ఏళ్ళకు మేం ఇంటి బరువు మోశాం. ఎవరూ పక్కన కూర్చుని "నీకెలా ఉంది నాయనా" అని అడగలేదు. ఇప్పుడు పాతికేళ్ళవాణ్ణి కూడా పిల్లాడిలా చూస్తే వాడు పెద్దవాడెప్పుడవుతాడు? సేవ అప్పగించండి, బాధ్యత పెట్టండి, అదే నేర్పుతుంది. ఈ మధ్య లాలించడం ఎక్కువై బోధించడం తగ్గిపోయింది.

కీబోర్డుతమ్ముడు
అంకుల్, సేవ అప్పగించడంలో మాకేం లోటు చేయలేదు. కీబోర్డ్, సౌండ్, లైవ్, కుర్చీలు, అన్నీ మేమే. రెండు వారాలు రాకపోతే వచ్చే ఫోన్ "ఈ వారం కీబోర్డ్ ఎవరు?" అనే.

పుస్తకాలపురుగు
పాతకాపుగారి ప్రశ్న తీసిపారేయాల్సింది కాదు. పెద్దరికం ఏ వయసులో మొదలవుతుందన్నది నిజంగానే చిక్కు ప్రశ్న.

జెఫ్రీ ఆర్నెట్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 2000లో ఒక వ్యాసం రాశాడు. 18 నుంచి 25 దాకా ఉన్న కాలం కౌమారమూ కాదు, పూర్తి పెద్దరికమూ కాదు, దాన్ని విడిగా ఒక దశగా చూడాలన్నాడు. చదువుకునే ఏళ్ళు పెరిగాయి, పెళ్ళి వయసు వెనక్కి జరిగింది, స్థిరమైన పని దొరకడానికి ఏళ్ళు పడుతోంది. దాంతో "నువ్వు పెద్దవాడివయ్యావా?" అంటే ఆ వయసువాళ్ళు చాలామంది "కొన్నిట్లో అవును, కొన్నిట్లో కాదు" అంటారు. దీన్ని ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. బడి మానేసి పదహారేళ్ళకే పనిలోకి దిగినవాడికి ఈ వెతుకులాట దశ ఎక్కడిది, ఇది చదువుకునే స్తోమత ఉన్నవాళ్ళ కథ అని వాళ్ళ వాదన. అదీ నిజమే. మన సంఘాల్లో రెండు రకాలవాళ్ళూ ఉంటారు కాబట్టి యూత్ అంటే అందరూ కాలేజీ పిల్లలే అనుకోకూడదు.

ఇక వాక్యంలో చూడండి. సంఖ్యాకాండం 1వ అధ్యాయంలో యుద్ధానికి వెళ్ళగలవాళ్ళ లెక్క 20 ఏళ్ళ నుంచి. దేవుని గుడారం దగ్గర లేవీ గోత్రంవాళ్ళు (లేవీయులు) చేసే సేవ 4వ అధ్యాయంలో 30 నుంచి, 8వ అధ్యాయంలో 25 నుంచి. రెండు లెక్కలు ఎందుకున్నాయి? యూదుల పాత వ్యాఖ్యానం తల్ముదులో ఉంది: 25కి వచ్చి ఐదేళ్ళు నేర్చుకుంటారు, 30కి బరువు ఎత్తుకుంటారు. నాకు ఈ వివరణ చాలా ఇష్టం. పాతకాపుగారు చెప్పే బాధ్యతా అందులో ఉంది, దానికి ముందు ఐదేళ్ళ సావకాశమూ ఉంది. మనం ఆ ఐదేళ్ళు ఎగ్గొట్టి నేరుగా బరువు పెడుతున్నాం. లేదంటే అసలేమీ పెట్టకుండా ప్రేక్షకుల్లో కూర్చోబెడుతున్నాం.

ఇరవైరెండు
నా వయసు పేరులోనే ఉంది :) ఇక్కడ అకౌంట్ తెరిచి చాలా కాలమైంది, రాయడం ఇదే మొదలు.

ఆదివారం ఆరాధన అయ్యాక మమ్మల్ని అడిగే ప్రశ్నలు రెండే. "ఉద్యోగం వచ్చిందా?" "పెళ్ళెప్పుడు?" రెండిటికీ జవాబు లేని నెలల్లో నేను చివరి పాట అవ్వకముందే బయటికి వచ్చేసేదాన్ని. అడిగేవాళ్ళు ప్రేమతోనే అడుగుతారని తెలుసు. కానీ ఆ రెండూ అయ్యేదాకా నేను ఇంకా మొదలవ్వని మనిషినన్నట్టు ఉంటుంది. పెళ్ళి చేసుకోనంటే అప్పుడు నేనెవరు? ఆ వయసులో యేసు ఏం చేశాడో సువార్తల్లో ఎక్కడుందండీ? పన్నెండేళ్ళప్పుడు దేవాలయంలో కనిపిస్తాడు, మళ్ళీ లూకా 3:23లో సుమారు ముప్ఫై ఏళ్ళవాడు. మధ్యలో ఉన్నది జ్ఞానంలోనూ వయసులోనూ వర్ధిల్లాడని ఒక్క వాక్యం. ఆ ఏళ్ళు వృథా అని ఎవరూ అనరు కదా.

దారిదీపంగారూ, మీరు అడిగారు కాబట్టి సూటిగా చెబుతున్నా. నాకు పనికొచ్చింది ఒక పెద్దావిడ. ఆమె పాస్టరమ్మ కాదు, ఏ కమిటీలోనూ లేరు. నేను ఏం చదువుతున్నానో, ఏం కష్టంగా ఉందో గుర్తుపెట్టుకుని, తర్వాత కలిసినప్పుడు అక్కడి నుంచే అడిగేవారు. సలహా చాలా తక్కువ ఇచ్చేవారు.

మాటసాయం
ఆసుపత్రి చాప్లెయిన్‌గా, అంటే రోగులకు ఆత్మీయ ఆదరణ ఇచ్చే సేవకుడిగా పనిచేస్తాను, కౌన్సెలింగ్ శిక్షణ ఉంది. ఇరవైరెండు అన్న చివరి మాట దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే మా శిక్షణలో ఎక్కువ కాలం పట్టేది సలహా ఇవ్వకుండా ఆగడమే. ఒక సంభాషణను గుర్తున్నంతవరకు మాటకు మాట రాయించి, గురువు ముందు చదివిస్తారు. అప్పుడు తెలుస్తుంది, అవతలి మనిషి ఏడుపు గొంతులో ఉండగానే మనం ఒక వచనం అందించి తప్పించుకున్నామని.

ఒక విషయం మాత్రం కాపరులు గట్టిగా పట్టించుకోవాలి. అమెరికాలో పెద్ద ఎత్తున జరిగిన సర్వే ఫలితాలు 2005లో వచ్చాయి. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మానసిక రుగ్మత వచ్చినవాళ్ళలో సగం మందికి 14 ఏళ్ళలోపే, నాలుగింట మూడు వంతుల మందికి 24 ఏళ్ళలోపే అది మొదలైంది. అంటే మనం మాట్లాడుకుంటున్న వయసు సరిగ్గా ఆ వ్యవధిలోనే ఉంది. నెలల తరబడి నిద్ర పట్టకపోవడం, ఇష్టమైనవాటి మీద ఆసక్తి పోవడం, మనుషుల్ని తప్పించుకోవడం, ఎవరికీ వినిపించని గొంతులు వినిపించడం, వీటిని "ఆత్మీయంగా చల్లబడ్డాడు" అని తేల్చేస్తే ప్రాణం మీదికి రావచ్చు. ప్రార్థన చేయండి, డాక్టరు దగ్గరికీ తీసుకెళ్ళండి. ఒకటి చేస్తే రెండోదాని మీద నమ్మకం లేనట్టు కాదు. 1 రాజులు 19లో ఏలీయా ప్రవక్త చచ్చిపోతే బాగుండునని చెట్టుకింద పడుకున్నప్పుడు దూత ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్ళు, నిద్ర, మళ్ళీ రొట్టె, నీళ్ళు. "ఇక్కడేం చేస్తున్నావు?" అన్న ప్రశ్న ఆ తర్వాత చాలా దూరం నడిచాక వచ్చింది.

చనిపోవాలన్న ఆలోచన ఉందేమో అనిపిస్తే నేరుగా అడగండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు, అలా జరగదు. అవునంటే ఒంటరిగా వదలొద్దు, ఆ రోజే వైద్య సహాయం అందేలా చూడండి. "ఎవరికీ చెప్పనని మాటివ్వండి" అంటే ఆ మాట ఇవ్వకండి.

గంటస్తంభం
మాటసాయంగారు చెప్పిన చివరి మాట మీద ఒక చిన్న వివరణ. నేను కథోలిక్‌ని. పాపసంకీర్తనంలో, అంటే పాపాలు ఒప్పుకునేటప్పుడు, గురువు (ఫాదర్) విన్నది ఎట్టి పరిస్థితుల్లోనూ బయటపెట్టకూడదు, మా సంఘ చట్టంలో దానికి మినహాయింపు లేదు. కానీ కాఫీ తాగుతూ మాట్లాడుకున్నది పాపసంకీర్తనం కాదు. ఈ తేడా మన దగ్గరికొచ్చే కుర్రాడికి తెలియదు. అందుకే మాట మొదలయ్యేముందే "నీకు గానీ ఇంకొకరికి గానీ ప్రమాదం ఉందనిపిస్తే నేను సహాయం పిలవాల్సి వస్తుంది, మిగతాదంతా నా దగ్గరే ఉంటుంది" అని చెప్పేయాలి.

మాటసాయం
అవును. తర్వాత చెబితే మోసం చేసినట్టు అనిపిస్తుంది. చిన్నపిల్లల మీద జరిగిన లైంగిక నేరం గురించి తెలిస్తే చాలా దేశాల్లో చట్టప్రకారం చెప్పి తీరాలి. మీ దగ్గర చట్టం ఏమంటుందో ముందే కనుక్కుని పెట్టుకోండి.

తల్లిమనసు
ఇది చదువుతుంటే మా పెద్దవాడే గుర్తొస్తున్నాడు. 21. చిన్నప్పుడు వాక్యం పోటీల్లో ఎప్పుడూ ముందుండేవాడు. ఇప్పుడు గుడికి రానంటున్నాడు. గొడవ పడడు, తిట్టడు, "మీరెళ్ళండమ్మా" అంటాడు, అంతే. మా పాస్టర్‌గారిని ఇంటికి పిలిచి వాడికి నచ్చజెప్పించాలనుకుంటున్నా. పాస్టర్‌గారు వస్తానన్నారు. మంచిదేనా?

ఇరవైరెండు
అమ్మా, దయచేసి వద్దు. మీరు పిలిపించారని తెలిసిన క్షణంలోనే ఆయన మీ తరఫు మనిషైపోతారు. ఆ తర్వాత మీ అబ్బాయికి నిజంగా ఆయన అవసరం వచ్చినా వెళ్ళడు.

మాటసాయం
నాదీ అదే మాట. 18 దాటినవాళ్ళ విషయంలో కాపరి వార్తాహరుడు కాకూడదు. తల్లిదండ్రుల దగ్గర్నుంచి పిల్లలకు గానీ, పిల్లల దగ్గర్నుంచి తల్లిదండ్రులకు గానీ. మీ దిగులు మాత్రం మీ పాస్టర్‌గారితో తప్పకుండా పంచుకోండి. అక్కడ కాపరి కావలసింది మీకు.

పుస్తకాలపురుగు
తల్లిమనసుగారూ, మీకు కాస్త ధైర్యం వస్తుందేమోనని ఇది రాస్తున్నా. జేమ్స్ మార్షియా అనే పరిశోధకుడు 1966లో ఈ వయసువాళ్ళను రెండు ప్రశ్నలతో చూశాడు. వెతికారా? వెతికి దేనికైనా కట్టుబడ్డారా? అందులో ఒక గుంపు, ఏమీ వెతక్కుండానే ఇంట్లోవాళ్ళ నమ్మకాన్నీ, వాళ్ళు చూపించిన వృత్తినీ తీసేసుకున్నవాళ్ళు. ఇంకో గుంపు ఇంకా వెతుకుతూ, దేనికీ కట్టుబడనివాళ్ళు. బయటికి మొదటివాళ్ళు బుద్ధిమంతుల్లా, రెండోవాళ్ళు దారితప్పినవాళ్ళలా కనిపిస్తారు. తమదంటూ ఒక నిబద్ధతకు చేరినవాళ్ళు మాత్రం సాధారణంగా ఆ వెతుకులాట గుండానే వస్తారని అతని లెక్క.

నేనిలా అంటే కోప్పడకండి గానీ, సంఘంలో నాకు దిగులు కలిగించేది మీ అబ్బాయిలాంటివాళ్ళ కన్నా, దేనికీ ప్రశ్న వేయకుండా 24కి సండే స్కూల్ మొత్తం నడిపేస్తున్న బంగారు పిల్లలు. వాళ్ళ పక్కన ఎవరూ కూర్చోరు, ఎందుకంటే వాళ్ళకేం సమస్య లేదని అందరి నమ్మకం.

కీబోర్డుతమ్ముడు
^^ ఇది నా గురించే రాశారా ఏంటి 😅

పాతకాపు
అన్నీ చదువుతున్నాను. ఒప్పుకోదగ్గవి చాలా ఉన్నాయి. అయినా నా అభ్యంతరం పూర్తిగా పోలేదు. వినండి, పక్కన కూర్చోండి, సలహా ఇవ్వకండి, తల్లి పిలిచినా వెళ్ళకండి అంటున్నారు. మరి కాపరి చేతిలో కర్ర ఎందుకుంది? కుర్రాడు తప్పుడు స్నేహాల్లో పడ్డాడు, జూదం యాప్‌లో డబ్బు పోగొట్టుకుంటున్నాడు. అప్పుడు కూడా "నీకెలా అనిపిస్తోంది" అనేనా? అది కాపరి పని కాదు, అద్దం పని.

గంటస్తంభం
మంచి ప్రశ్న. 2018 అక్టోబరులో వాటికన్‌లో యువత మీద బిషప్పుల సినడ్ (మహాసభ) జరిగింది. వాళ్ళ ముగింపు పత్రమంతా లూకా 24లోని ఎమ్మాయు దారి కథ చుట్టూ అల్లారు. ఆ కథను మీ ప్రశ్న పెట్టుకుని చదవండి. యేసు చనిపోయాడన్న నిరాశతో ఇద్దరు శిష్యులు యెరూషలేము వదిలి వెళ్ళిపోతున్నారు. వాళ్ళు వెళ్తున్న దిక్కే తప్పు. తిరిగి లేచిన యేసు వాళ్ళను ఆపి వెనక్కి తిప్పలేదు, కలిసి నడిచాడు. ముందు "ఏం మాట్లాడుకుంటున్నారు?" అని అడిగి వాళ్ళ నిరాశంతా చెప్పుకోనిచ్చాడు. అయితే అక్కడితో ఆగలేదు. "అవివేకులారా" అని గట్టిగానే అన్నాడు, లేఖనాలన్నీ విప్పి చెప్పాడు. మీరడిగే దిద్దుబాటు ఆ కథలో ఉంది. అది రెండో సగంలో ఉంది, అంతే. యెరూషలేముకు తిరిగి వెళ్ళాలన్న నిర్ణయం మాత్రం వాళ్ళిద్దరిదే. అప్పటికి ఆయన కనిపించడం మానేశాడు కూడా.

ఇరవైరెండు
పాతకాపుగారూ, మీ మాటతో నేను సగం ఏకీభవిస్తా. నా స్నేహితురాలు మంచిది కాని సంబంధంలో ఇరుక్కున్నప్పుడు అందరూ "నీ ఇష్టం" అని తప్పుకున్నారు. అది గౌరవం అనుకున్నారు. ఆమెకు అది వదిలేయడంలా అనిపించింది. ఆ పెద్దావిడ నాతో ఒకసారి కఠినంగా మాట్లాడారు, నేను పడ్డాను కూడా. అప్పటికి ఆమెకు నా మీద ఆ హక్కు వచ్చింది కాబట్టి పడ్డాను. మొహమే గుర్తులేని పెద్దమనిషి వచ్చి మందలిస్తే ఎవరైనా లేచి వెళ్ళిపోతారు.

ఇంకో భయం కూడా చెప్పాలి. "దేవుడు నాకు చూపించాడు, నువ్వు ఆ ఉద్యోగంలో చేరొద్దు", "ఫలానా అబ్బాయే దేవుని చిత్తం" అనేవాళ్ళు. దానికి ఎదురు చెబితే దేవునికే ఎదురు చెప్పినట్టు. నేను చూసినవాళ్ళలో ఇద్దరు ముగ్గురు సంఘం వదిలింది సందేహాల వల్ల కాదు, దీని వల్లే.

మాటసాయం
దీని మీద విడిగా ఒక థ్రెడ్ కావాలి. ఇక్కడికి ఇంత చెబుతాను. నిర్ణయం తీసుకోవడం నేర్చుకోవాల్సిన వయసులో నిర్ణయాన్ని లాక్కోవడం సహాయం కాదు, అది దేవుని పేరుతో చేస్తే మరీ ప్రమాదం. వాళ్ళతో కలిసి ప్రశ్నలు వేయండి: ఇందులో నీకు భయం ఎంత, ఆశ ఎంత? నిన్ను బాగా ఎరిగినవాళ్ళు ఏమంటున్నారు? ఒకవేళ తప్పని తేలితే వెనక్కి రాగలవా? చాలా నిర్ణయాల నుంచి వెనక్కి రావచ్చు. "దేవుని చిత్తం ఒక్కటే తలుపు, అది తప్పితే జీవితమంతా తప్పే" అన్న భయంతో ఏ అప్లికేషనూ పెట్టకుండా కూర్చున్నవాళ్ళను చూశాను.

చట్టం దృష్టిలో 18 దాటినవాళ్ళు పెద్దలే గానీ, కాపరికీ వాళ్ళకూ మధ్య అధికారంలో తేడా అలాగే ఉంటుంది. కలిసే చోటు నలుగురికీ కనిపించేదై ఉండాలి, అర్ధరాత్రి చాటింగ్ వద్దు, అప్పులు ఇవ్వడం తీసుకోవడం వద్దు, ఎవరిని కలుస్తున్నారో ఇంకొక పెద్దకు తెలిసి ఉండాలి.

పాతకాపుగారు చెప్పిన జూదం మీద: అది వ్యసనంగా మారితే మందలింపుకు లొంగదు, దానికి చికిత్స ఉంది. అప్పులవాళ్ళు బెదిరిస్తున్నారేమో ముందు కనుక్కోండి. సిగ్గు వల్ల అది చివరిదాకా చెప్పరు.

పుస్తకాలపురుగు
పాతకాపుగారి కర్ర గురించి. సంఖ్యాకాండం 8వ అధ్యాయంలో నేను 25 దగ్గర ఆగిపోయాను, తర్వాతి వచనాలు మీకోసమే ఉన్నాయనిపిస్తోంది. 50 ఏళ్ళకు లేవీయుడు బరువు పని నుంచి తప్పుకుంటాడు, కానీ ఇంటికి వెళ్ళిపోడు. గుడారం దగ్గర తన సహోదరులతో కలిసి ఉంటూ సహాయం చేస్తాడు. 25 నుంచి 30 మధ్య నేర్చుకునేవాళ్ళకు నేర్పింది వీళ్ళేనా అన్నది వాక్యంలో లేదు, అది నా ఊహ. మన సంఘాల్లో 50 దాటినవాళ్ళు కమిటీల్లో ఉన్నారు, 25 లోపువాళ్ళు సౌండ్ మిక్సర్ దగ్గర ఉన్నారు. ఇద్దరూ మాట్లాడుకునే సందర్భమే లేదు.

దారిదీపం
ఇంత వస్తుందనుకోలేదు, అందరికీ థ్యాంక్స్. ఇంకొకటి అడగాలి. మాకు ఎక్కువమంది జారిపోయేది ఊరు మారినప్పుడు. 2017లో లైఫ్‌వే అనే అమెరికా సంస్థ చేసిన సర్వేలో, టీనేజ్‌లో క్రమంగా చర్చికి వెళ్ళినవాళ్ళలో 66 శాతం 18 నుంచి 22 మధ్య కనీసం ఏడాది పాటు మానేశారు. కారణాల్లో ఎక్కువమంది చెప్పింది, 34 శాతం, కాలేజీకి వెళ్ళడం. అది వాళ్ళ దేశం లెక్క, మన దగ్గర సరిగ్గా ఇంతే అని అనను. కానీ ఆ కారణం చూస్తే కోపంతో వెళ్ళినవాళ్ళ కన్నా ఊరికే జారిపోయినవాళ్ళే ఎక్కువేమో అనిపిస్తోంది. పంపేటప్పుడు ప్రార్థన చేసి బైబిల్ ఇచ్చి పంపుతాం. తర్వాత?

కీబోర్డుతమ్ముడు
తర్వాత వాట్సాప్ గ్రూపులో ఉంచుతారు అన్నా, రోజూ గుడ్ మార్నింగ్ వచనం వస్తుంది. నేను మ్యూట్‌లో పెట్టా.

సీరియస్‌గా చెప్పాలంటే కొత్త ఊళ్ళో మొదటి కొన్ని ఆదివారాలే కీలకం. ఎవరూ తెలియని చర్చిలో ఒంటరిగా వెనక బెంచీలో కూర్చోవడం నాకు భయంకరంగా అనిపించింది. అక్కడ ఒక్కరు తెలిసున్నా వెళ్ళేవాణ్ణి. పంపే సంఘం అక్కడి సంఘంతో మాట్లాడి ఒక మనిషి నంబరు ఇస్తే చాలు. మా పర్మిషన్ అడిగి ఇవ్వండి, మా నంబర్ వాళ్ళకు ఊరికే ఇచ్చేయకండి.

గంటస్తంభం
అలాగే షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళను మర్చిపోవద్దు. ఆదివారం పొద్దున డ్యూటీ ఉన్నవాణ్ణి "లోకంలో పడ్డాడు" అనడం నేను చెవులారా విన్నాను. వాళ్ళ సెలవు రోజున మనం వెళ్ళి కలవాలి.

తల్లిమనసు
పాస్టర్‌గారికి ఫోన్ చేసి ఇప్పుడే రావద్దని చెప్పాను. ఆయన కూడా అదే మంచిదన్నారు. నాతో అరగంట మాట్లాడారు. మా వాడితో ఏం మాట్లాడాలో మాత్రం ఇంకా తెలియడం లేదు.

ఇరవైరెండు
గుడి గురించి కొన్నాళ్ళు పక్కన పెట్టి మిగతావన్నీ మాట్లాడండమ్మా. వాడికి ఇష్టమైనవి ఉంటాయిగా. తనే ఆ మాటెత్తితే మాత్రం సంతోషం పట్టలేక గట్టిగా పట్టేసుకోకండి, మామూలుగా వినండి.

పాతకాపు
సరే. నేను ఎరిగిన కుర్రాడొకడున్నాడు. సండే స్కూల్లో నా దగ్గరే చదివాడు. ఇప్పుడు వేరే ఊళ్ళో ఉన్నాడు, ఉద్యోగం పోయిందని విన్నాను. ఎప్పుడూ ఫోన్ చేయలేదు. ఇప్పుడు చేస్తే ఏమని మొదలుపెట్టాలి? మాటలు వెతుక్కోవాల్సి వస్తుంది నాకు.

ఇరవైరెండు
ముందు ఫోన్ వద్దండి, చూసి భయపడతాడు, ఎవరో పోయారనుకుంటాడు. మెసేజ్ పెట్టండి. మీ పేరు రాసి, "నువ్వు గుర్తొచ్చావు, వీలైనప్పుడు మాట్లాడదామా" అంటే చాలు. ఉద్యోగం సంగతి తెలిసిందని రాయకండి, అతనే చెబుతాడు. జవాబు రాకపోతే ఓ రెండు వారాలాగి ఇంకోటి పెట్టండి. చర్చికి వెళ్తున్నావా అని మాత్రం అడగొద్దు.

పాతకాపు
సరేనమ్మా. పెట్టి చెబుతాను.

మోడరేటర్
థ్రెడ్ తెరిచే ఉంచుతున్నాం. "దేవుని చిత్తం పేరుతో ఒత్తిడి" మీద మాటసాయంగారు అడిగిన విడి చర్చ మొదలుపెట్టాం, ఆ విషయం మీద పోస్టులు అక్కడ రాయండి. ఎవరి పేర్లు, సంఘాల పేర్లు రాయొద్దని మనవి.